బట్టీ దగ్గర కూచున్నవాళ్ళు

మా తొర్రాల్మెనాలో నలుగురు పెద్దవాళ్ళు చేరి ద్రాక్షసారా ముందు పెట్టుకున్నారంటే, మాట ఎటు తిరిగినా చివరికి నీళ్ళ మెలితోన్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. మా ఊరి బావుల నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళ ఊట ఊరికి దూరం. గాడిదకు అటూ ఇటూ గడ్డితాళ్ళతో అల్లిన గంపలు కట్టి, వాటిలో కడవలు దించి, ఇంటింటికీ నీళ్ళు తెచ్చిపోసేవాడు మెలితోన్ కరాస్కో. అతను ఎరగని గడప లేదు. చదువు లేదు, చారెడు పొలం లేదు. భుజాలు మాత్రం చర్చి తలుపంత వెడల్పు. మాట తక్కువ. అలాంటివాడు ఒక మధ్యాహ్నం నోరు విప్పి నాలుగు మాటలన్నాడు. ఆ మాటలు విన్నవాళ్ళు ఈనాటికీ వాటిని చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతారు.

కథ రాజుగారి బండితో మొదలవుతుంది.

1814 వసంతంలో రాజుగారు తిరిగొచ్చారు. అప్పటికి మెలితోన్ పడుచువాడు. అంతకు ముందు ఆరేళ్ళు ఫ్రెంచి సైన్యాలు మా మైదానం మీద మిడతల దండులా పడి తిన్నాయి. గోధుమలు దాచాడని అతని అన్న దమియాన్‌ని గాలిమర గోడకు ఆనించి కాల్చేశారు. ఆ దిగులుతోనే తల్లి మంచం పట్టింది. పోతూ పోతూ కూడా, "రాజుగారొస్తే అన్నీ సర్దుకుంటాయిరా" అంది. రాజుగారు అప్పుడు ఫ్రాన్సులో బందీ. ఆయన మొహం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు, గొంతు ఎవరూ వినలేదు. చూడని దేవుడి మీదే కదా భక్తి ఎక్కువ.

ఈలోగా దక్షిణాన సముద్రం ఒడ్డున, కాదిజ్ పట్నంలో, ఒకపక్క ఫిరంగులు పేలుతుండగానే దేశం నలుమూలల నుంచి వచ్చిన ప్రతినిధులు కూచుని ఒక రాజ్యాంగం రాశారు. రాజైనా చట్టానికి లోబడి ఉండాల్సిందేనన్నారు. ఆ సంగతి మావాళ్ళ చెవికి సరిగ్గా ఎక్కలేదు. ఎక్కించవలసిన పాదిరీగారు, "అది నాస్తికుల రాత. చెరలో ఉన్న మన రాజుగారిని వెనకనుంచి పొడవడానికి రాసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

రాజుగారి బండి మా ఊరి మీదుగా పోతుందని తెలిసిన రోజున పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. అందరూ బాట మీదే. బండి కనిపించగానే ఎవరో కంచరగాడిదల పట్టీలు విప్పేశారు. "మనవాణ్ణి మనమే లాగుదాం!" అన్నారు. మెలితోన్ అందరికంటే ముందుకు ఉరికి మొదటి పట్టీని తన భుజానికి తానే బిగించుకున్నాడు. కొండ మీది గుడి దగ్గర్నుంచి వంతెన దాకా మనుషులే ఆ బండిని లాగారు. "రాజ్యాంగం నశించాలి! మా బేడీలు వర్ధిల్లాలి!" అని అరిచారు. నిజంగానే బేడీలు వర్ధిల్లాలనే అరిచారు. మెలితోన్ ఏడుస్తూ అరిచాడు. ఆ దుమ్ములో, ఆ చెమటలో, చచ్చిపోయిన అన్న పక్కనే నిలబడి పట్టీ పట్టుకున్నట్టు అనిపించిందట అతనికి.

ఇంటికొచ్చేసరికి భుజం మీద తోలు ఊడింది. భార్య ఉర్సులా ఆలివ్ నూనె రాస్తూ అడిగింది.

"ఇంతకీ రాజుగారు ఎట్లా ఉన్నాడయ్యా?"

"కనపళ్ళేదే. తెర వేసుంది."

"ఒక్కసారన్నా తియ్యలా?"

"లేదు."

"మరి లోపల మనిషున్నాడని ఎట్లా తెలుసు నీకు?"

మెలితోన్ ఒరిసిన భుజం వంక చూసుకుని అన్నాడు. "బరువుందే!"

ఉర్సులా నవ్వలేదు. నూనె గిన్నె మూతపెట్టి, "బరువైతే ఉంటుందిలే" అని మాత్రం అంది.

రాజుగారు రాజధానికి చేరుతూనే రాజ్యాంగం చెల్లదన్నాడు. అది రాసినవాళ్ళలో చేతికి చిక్కినవాళ్ళని జైళ్ళలో వేయించాడు. మా ఊళ్ళో మాత్రం ఏదీ మారలేదు. అది మంచో చెడో చెప్పుకోవాలంటే రొట్టెల సంగతి చెప్పాలి.

తొర్రాల్మెనా మార్కీస్ బిరుదున్న ఒక దొర సొత్తు. ఆయన రాజధానిలో ఉండేవాడు. ఇక్కడ ఆయన పెత్తనమంతా దివాను డోన్ గస్పార్‌ది. ఊరంతటికీ ఒకే రొట్టెల బట్టీ, అది దొరగారిది. ఇంట్లో పిసికిన పిండిని అందరూ అక్కడికే మోసుకెళ్ళి కాల్పించుకోవాలి, కాల్చినందుకు రొట్టెల్లో వాటా ఇచ్చిరావాలి. ఎవరైనా పెరట్లో చాటుగా బట్టీ కట్టుకుంటే డోన్ గస్పార్ మనుషులొచ్చి పలుగులతో పొడిచిపోయేవాళ్ళు. తాతల నాటినుంచీ అంతే. వాన పడ్డట్టు, వడగళ్ళు పడ్డట్టు, అదీ పై నుంచి వచ్చేదే అనుకునేవాళ్ళు జనం.

ఆ దొరగారి బట్టీలో చిన్నప్పటి నుంచీ పనిచేసిన విధవరాలు లియొకాదియా. పొట్టి మనిషి, బలమైన చేతులు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఊరంతా అత్త అనేవాళ్ళు. నోరు మంచిదే కానీ పదును.

1820లో దక్షిణాన సైన్యం తిరగబడింది. గత్యంతరం లేక రాజుగారు అదే రాజ్యాంగం మీద ప్రమాణం చేశాడు. దానితోపాటే, దొరల బట్టీల్లోనే కాల్చుకోవాలన్న కట్టుబాటు ఇక లేదని మా ఊరి కూడలిలో దండోరా వేయించారు. విన్నవాళ్ళు విని ఇంటికెళ్ళిపోయారు. ఒక్కరూ నమ్మలేదు. లియొకాదియా అత్త మాత్రం ఆ మర్నాడే మెలితోన్‌ని పిలిచింది.

"రేపట్నుంచి నాకు మన బావి నీళ్ళు తెచ్చిపొయ్యి నాయనా. ఉప్పువైనా పర్లేదు. మట్టి కలపడానికి."

"మట్టెందుకత్తా?"

"బట్టీ కడతా."

"డోన్ గస్పార్ కూలగొట్టిస్తాడు."

"కూలగొడితే కూలగొట్టనీ. ముందు కట్టాలిగా, కూలగొట్టడానికైనా!"

ఆవిడే మట్టి తొక్కింది, ఆవిడే ఇటుకలు పేర్చింది, గుమ్మటంలా పైకప్పు తిప్పింది. దారినపోయేవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి తలలాడించి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక పొద్దున్న ఆ పెరట్లోంచి పొగ లేచింది. తెల్లగా, నిటారుగా, మా మైదానం మీద నాలుగు దిక్కులకూ కనిపించేంత ఎత్తుకి. జనం పనులు మానుకుని వీధిలోకి వచ్చారు. దొరగారి పొగగూట్లోంచి కాక ఇంకోచోటి నుంచి రొట్టెల పొగ లేవడం ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చూడలేదు. డోన్ గస్పార్ కూడా తన గుమ్మంలో నిలబడి చూశాడు. చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. తలుపేసుకున్నాడు! పిడుగు పడాల్సిన చోట పడకపోతే ఎలా ఉంటుందో మెలితోన్‌కి అలా ఉంది. కడవలు దించడం మరిచిపోయి గాడిద పక్కన అలాగే నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఆదివారాలు పూజ అయ్యాక కొందరు బట్టీ వెచ్చదనానికి అత్త పెరట్లో చేరేవాళ్ళు. దర్జీ కోస్మే రాజ్యాంగం చదివి వినిపించేవాడు. మంగలి హెనారో తప్పకుండా వచ్చేవాడు. మెలితోన్ మొదట్లో నీళ్ళు పోసి వెళ్ళిపోయేవాడు. తర్వాత గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఆఖరికి కూచున్నాడు.

"ఈ దేశం ఏ ఒక్క మనిషిదీ కాదు, ఏ ఒక్క ఇంటివాళ్ళ ఆస్తీ కాదు అని ఉంది" అన్నాడు కోస్మే ఒకరోజు.

"మరి ఎవరిదిట?" అన్నాడు మెలితోన్.

"మనందరిదీ."

"పోవయ్యా! నాకు ఈ గాడిద తప్ప ఇంకేదీ లేదు. దేశం కూడా ఉందంటే నమ్మమంటావా?"

అందరూ నవ్వారు. లియొకాదియా అత్త కర్రపారతో రొట్టెలు బయటికి లాగుతూ అంది. "నాకూ అంత లోతు తెలీదు మెలితోన్. ఈ రొట్టె చూడు. దీన్లో వాటా తీసుకోడానికి ఇవాళ ఎవరూ రాలేదు. నాకు తెలిసిన రాజ్యాంగం ఇంతే." ఒక రొట్టె విరిచి సగం అతని చేతిలో పెట్టింది. అతను ఒక్క పొడి కూడా రాలకుండా తిన్నాడు.

అయితే మంచిరోజులు మూడేళ్ళు కూడా నిలవలేదు. రాజుగారికి అండగా 1823లో ఫ్రెంచి సైన్యం మళ్ళీ కొండలు దాటి దిగింది. మా ఊరి గుండా వాళ్ళు పోతుంటే పాదిరీగారు గంటలు మోగించాడు. మెలితోన్ భార్య పక్కన నిలబడి చూశాడు.

"వీళ్ళు ఆ ఫ్రెంచివాళ్ళేనా?" అన్నాడు.

"వాళ్ళే."

"మా అన్నని చంపినవాళ్ళేనా?"

"వాళ్ళే. ఈసారి మనవాళ్ళట" అంది ఉర్సులా.

అతను టోపీ తీసి చేత్తో నలిపాడు. తన భుజం మీద మోసింది ఎవర్నో ఆ క్షణంలో అతనికి తెలిసొచ్చిందంటారు. నాకు తెలీదు. మనిషికి అన్నీ ఒక్కసారే తెలిసిరావు.

రాజుగారి చేతికి మళ్ళీ పూర్తి అధికారం వచ్చింది. రాజ్యాంగం మాటెత్తితే నేరం. డోన్ గస్పార్ రాజభక్తుల దళానికి నాయకుడై తెల్ల రిబ్బను కట్టుకుని తిరిగాడు. మొదటి పని అత్త బట్టీ కూలగొట్టించాడు. కోస్మే అప్పటికే జిబ్రాల్టర్ పారిపోయాడు. ఇక ఆదివారాలు అక్కడ కూచున్నవాళ్ళెవరో తేలాలి. అత్తని పట్టుకెళ్ళి ధాన్యపు కొట్లో పెట్టారు. అడిగారు. చెప్పలేదు. బెదిరించారు. చెప్పలేదు. అప్పుడు డోన్ గస్పార్ ఆ రోజుల్లో చాలా ఊళ్ళలో చేస్తున్న పనే ఇక్కడా చేద్దామనుకున్నాడు. గుండు గీసి, తేనె పూసి ఈకలద్ది, గాడిద మీద ఊరేగించడం.

మెలితోన్‌కి కబురొచ్చింది.

"నీ గాడిద కావాలి" అన్నాడు డోన్ గస్పార్. "నువ్వే పట్టుకుని నడిపించాలి. రాజుగారి బండి లాగినవాడివి, నీకంటే నమ్మకస్తుడెవడు ఈ ఊళ్ళో?"

"చిత్తం దొరా" అన్నాడు మెలితోన్. అతని నోటికి వచ్చిన మాట అదొక్కటే.

ఇంటికెళ్తే ఉర్సులా గంజి కాస్తోంది. సంగతి విని గరిటె ఆపింది.

"నువ్వు కూడా కూచునేవాడివిగా అక్కడ?"

"ఊఁ."

"ఆవిడ నోరు తెరిస్తే?"

"తెరిస్తే నేనూ ఎక్కాలి ఇంకో గాడిద."

ఉర్సులా గంజి కుండ దించింది. తర్వాత, "ఎలాగూ తప్పదు. ఆ జీను మీద మెత్తగా ఏదన్నా పరిచి తీసుకెళ్ళు, ముసలి ఎముకలు" అని తన ఉన్ని శాలువా మడిచి ఇచ్చింది.

కూడలిలో జనం కిక్కిరిసి ఉన్నారు. పీట మీద లియొకాదియా అత్త కూచుని ఉంది. గుండు గీయడానికి పిలిపించింది ఎవర్నో కాదు, మంగలి హెనారోని. ఒక్క ఆదివారమూ తప్పకుండా ఆవిడ బట్టీ దగ్గర కూచున్నవాణ్ణి. ఆ సంగతి అతనికి తెలుసు, ఆవిడకు తెలుసు, మెలితోన్‌కి తెలుసు. హెనారో చేతిలో కత్తి వణికిపోతోంది.

"కత్తి గట్టిగా పట్టుకో నాయనా" అంది ఆవిడ, రోజూ పలకరించినట్టే. "గాటు పడితే పనితనం తెలీనివాడంటారు నిన్ను."

హెనారో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు మోచేత్తో తుడుచుకున్నాడు. నెరిసిన జుట్టు పాయలు పాయలుగా రాళ్ళ మీద పడింది. తేనె పూశారు, దిళ్ళు చింపి ఈకలు పోశారు. జనం నవ్వారు. శాలువా పరిచిన గాడిద మీద కూచోబెట్టారు. ఆవిడ శాలువాని తడిమి చూసి, "ఉర్సులాదేనా?" అంది మెల్లగా. మెలితోన్ తల ఊపాడు.

డప్పు మోగింది. ముందు డోన్ గస్పార్ గుర్రం, వెనక గాడిద, చుట్టూ తుపాకులవాళ్ళు. వీధి మలుపు వచ్చినప్పుడల్లా ఆగడం, దండోరావాడు నేరం చదవడం, డోన్ గస్పార్ అడగడం.

"బట్టీ దగ్గర కూచున్నవాళ్ళెవరు? ఒక్క పేరు చెప్పు, ఇక్కడే దింపేస్తా."

"లియొకాదియా" అంది ఆవిడ.

"నీ పేరు కాదు!"

"నాకు బాగా తెలిసింది అదే దొరా."

జనం లోంచి కుళ్ళిన క్యాబేజీ వచ్చి తగిలింది. తర్వాత మట్టిపెళ్ళలు. మెలితోన్ తల వంచుకుని నడుస్తున్నాడు కానీ ఎవరు విసురుతున్నారో కనిపిస్తూనే ఉంది. అందరికంటే గట్టిగా విసిరింది, అందరికంటే గట్టిగా తిట్టింది ఎవరనుకున్నారు? ఆదివారాలు ఆ పెరట్లో కూచున్నవాళ్ళే. భయం మనిషిచేత అంత గట్టిగా విసిరిస్తుంది. ఆవిడకు అందరూ కనిపిస్తున్నారు. విసిరిన ప్రతివాడి మొహంలోకీ తిన్నగా చూస్తోంది. కోపంగా కాదు. పిండి పులిసిందా లేదా అని చూస్తుందే, అలాగ. ఎవరి మీద ఆ చూపు ఆగితే వాళ్ళ చెయ్యి కిందికి దిగిపోయేది.

చర్మకారుల వీధి మలుపులో, డప్పు మోతలో, ఆవిడ వంగి మెలితోన్ చెవిలో అంది.

"తలెత్తకు. నీ మొహం చూస్తే చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది."

ఇంత సేపూ ఆవిడ తన పేరు బయటపెడుతుందేమోనని మెలితోన్ భయపడుతూ వచ్చాడు. ఆవిడేమో, ఒళ్ళంతా తేనె కారుతూ, ఈగలు ముసురుతూ, అతని మొహాన్ని దాచడానికి చూస్తోంది. ఇలాంటి మనిషి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. పాదిరీగారు చెప్పలేదు, కోస్మే చదవలేదు. సముద్రం మొదటిసారి చూసినవాడికి ఊపిరి ఆగినట్టు ఆగింది.

ఆ తర్వాత వీధుల్లో నవ్వులు పలచబడ్డాయి. ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ తెలీదు. చివరి వీధిలో ఇరువైపులా గోడల వెంట జనం నిలబడే ఉన్నారు కానీ గాడిద గిట్టల చప్పుడు తప్ప ఇంకేం లేదు. డప్పువాడు కూడా కొట్టడం మానేశాడు. కొట్టమని డోన్ గస్పార్ అరిస్తే రెండు దెబ్బలు వేసి మళ్ళీ ఆపేశాడు.

ఊరేగింపు కూలిన బట్టీ ముందు ఆగింది. ఆవిడ కళ్ళముందే ఇటుకల కుప్ప.

"ఇదే ఆఖరు" అన్నాడు డోన్ గస్పార్. "చెప్పకపోతే ఆడవాళ్ళ జైలుకి పోతావు. అక్కణ్ణించి నువ్వు తిరిగి రావు. కూచున్నవాళ్ళెవరు?"

ఆవిడ కూలిన ఇటుకల మీంచి కళ్ళు తిప్పలేదు. ఊరంతా నేలచూపులు చూస్తోంది.

"నేనండీ" అన్నాడు ఎవరో.

మాట్లాడింది తనేనని మెలితోన్‌కి కూడా ఆలస్యంగా తెలిసింది.

డోన్ గస్పార్ గుర్రం మీదనుంచి వంగాడు. "ఏమన్నావురా?"

"బట్టీ దగ్గర కూచుంది నేనండీ."

"నువ్వా? ఇంకెవరు?"

"నేనూ, నా గాడిదా." మెలితోన్ తల ఎత్తాడు. "అది గోడ అవతల నిలబడి వినేదండీ. దానికి నాకన్నా బాగా అర్థమైంది."

జనంలో ఎక్కడో ఒక ఆడగొంతు పక్కున నవ్వింది. వెంటనే నోరు నొక్కుకుంది. కానీ నవ్వు నవ్వే. డోన్ గస్పార్ మొహం జేవురించింది. తుపాకీ మడమలు మెలితోన్ వీపు మీద, తల మీద పడ్డాయి. అతను గాడిద పగ్గం వదల్లేదు, బెదిరితే ఆవిడ పడిపోతుందని. పొద్దుట్నుంచి ఒక్క కన్నీటిచుక్క రాల్చని లియొకాదియా అత్త అప్పుడు ఏడ్చింది.

"పిచ్చివాడా! నేను మోస్తూనే ఉన్నాగదరా!"

"కాస్త నేను పడతానత్తా" అన్నాడు అతను, నోటి నిండా నెత్తురుతో.

ఆ రోజు ఇంకెవరూ నోరు విప్పలేదు. నిజం నిజంలాగే చెప్పాలి. ఊరంతా ముందుకొచ్చి నేనంటే నేనన్నదని చెబితే బాగుండేది, కానీ అలా జరగలేదు. ఒక్కడే అన్నాడు.

ఆవిణ్ణి ఆడవాళ్ళ జైలుకి, అతన్ని సముద్రం అవతల సెఊతా కోటకి పంపారు. అక్కడ ఖైదీల పని రాళ్ళబండి లాగడం. తోలుపట్టీ మళ్ళీ అదే భుజం మీద పడింది. మొదటి రోజు పక్క ఖైదీ, "అలవాటున్నట్టుందే నీకు?" అన్నాడట. "ఒకసారి లాగాను. అప్పుడు పట్టీ నేనే కట్టుకున్నా" అన్నాడట మెలితోన్. ఎండ, ఉప్పుగాలి, జ్వరాలు. చాలామంది అక్కడే పోయారు. అతను పోలేదు. ఎందుకు పోలేదో అతనికే తెలీదు. ఆ పొట్టి మనిషి తనకన్నా పెద్దది, తనకన్నా నీరసంగా ఉండేది, ఆవిడే జైల్లో బతికి ఉంటే తను చావడం మర్యాద కాదనిపించేదట.

ఏళ్ళు గడిచాయి. రాజుగారు మంచం పట్టినప్పుడు రాణిగారు క్షమాభిక్ష ప్రకటించింది. మెలితోన్ ఓడ దిగి, దారి పొడుగునా అడుక్కుంటూ, నడిచి మా ఊరు చేరాడు. ఊరి బయట ఊట దగ్గర ఒక ఆడమనిషి గాడిదకు కడవలు ఎత్తుతోంది. పాతది చచ్చిపోయింది, ఇది కొత్త గాడిద. ఆడమనిషి మాత్రం పాతదే.

ఉర్సులా అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"వచ్చావా? ఆ రెండో కడవ పట్టు" అంది. కడవ పట్టుకున్నాక గానీ అతని మెడ చుట్టూ చేతులు వేయలేదు. ఆ ఏళ్ళన్నీ ఆవిడే ఊరికి నీళ్ళు పోసింది. మగవాళ్ళ పని చేస్తోందని వెక్కిరించినవాళ్ళ ఇళ్ళకి కూడా.

లియొకాదియా అత్త అతనికంటే ముందే విడుదలై వచ్చి ఉంది. జుట్టు మళ్ళీ పెరిగింది, పత్తిలా తెల్లగా. పెరట్లో ఇటుకల కుప్ప అలాగే ఉంది. రాజుగారు పోయారు. ఆయన పసికూతురు రాణి అయింది. నిరంకుశత్వం కావాలన్నవాళ్ళు రాజుగారి తమ్ముడి వైపు చేరి ఉత్తరాన యుద్ధం మొదలుపెట్టారు. రాణి పక్షానికి ఉదారవాదులు, అంటే రాజ్యాంగం కావాలన్నవాళ్ళు, అవసరమయ్యారు. మొత్తానికి గాలి తిరిగింది.

గాలి తిరిగాక ఒక పొద్దున్న అత్త గుమ్మం ముందు కొత్త ఇటుకలు కనిపించాయి. ఎవరు పెట్టారో తెలీదు. ఇంకో పొద్దున్న ఒక బండెడు జేగురుమట్టి. మరోరోజు సున్నం. ఎవరూ తలుపు తట్టలేదు, ఎవరూ క్షమించమనలేదు. మంగలి హెనారో మాత్రం పట్టపగలే వచ్చి, చొక్కా చేతులు మడిచి, మట్టి తొక్కడం మొదలుపెట్టాడు. అత్త అతన్ని ఏమీ అడగలేదు. "పక్కన గట్టిగా తొక్కు, మధ్యలో కాదు" అని మాత్రం అంది. మెలితోన్ నీళ్ళు పోశాడు. బట్టీ లేచింది.

అప్పుడే రాజధాని నుంచి ఒక అధికారి వచ్చాడు. ఉదారవాదుల మనిషి, మంచి మాటకారి. అత్త ఇంటికొచ్చి వినయంగా టోపీ తీసి కూచున్నాడు.

"అమ్మా, మీకు జరిగింది దేశానికే అవమానం. మీ బట్టీ పడగొట్టినవాళ్ళెవరు, మీమీద రాళ్ళు విసిరినవాళ్ళెవరు, పేర్లు చెప్పండి. ఒక్కొక్కణ్ణీ పట్టిస్తాను."

మెలితోన్ ఆ మూల నీళ్ళకుండ దగ్గరే ఉన్నాడు. గోడ అవతల వీధిలో అడుగుల చప్పుడు ఆగిపోవడం అతనికి వినిపించింది. ఊరు మళ్ళీ ఊపిరి బిగబట్టింది.

"నాకు చూపు ఆనదు బాబూ" అంది అత్త. "ఆ రోజు ఈకలు కళ్ళకడ్డం పడ్డాయి. ఎవరూ కనపళ్ళేదు."

అధికారి ఎంత బతిమాలినా అదే మాట. వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి పంపించేసింది. అతను వెళ్ళాక మెలితోన్ ఉండబట్టలేకపోయాడు. అతని గొంతు ఆవిడ ముందు లేవడం అదే మొదటిసారి.

"అత్తా, డోన్ గస్పార్ పేరైనా చెప్పొచ్చుగా! వాడొక్కడి పేరు!"

"చెబితే ఏం చేస్తారు?"

"మీకు చేసిందే వాడికీ చేస్తారు. గాడిదెక్కిస్తారు."

"గాడిద ఎవరిది?"

మెలితోన్ నీళ్ళకుండ వైపు తిరిగాడు.

"నీదేగా. పట్టుకుని నడిపేదెవడు? నువ్వేగా. నీకు మళ్ళీ ఆ పని పెట్టమంటావా?" ఆవిడ బట్టీ మూతి తుడవడానికి తడిగుడ్డ అందుకుంది. "ఒకసారి నడిపావు, చాలు నాయనా. నీళ్ళు పొయ్యి."

మెలితోన్ నీళ్ళు పోశాడు. చర్మకారుల వీధిలో ఆగినట్టే ఊపిరి మళ్ళీ ఆగింది. ఇన్నేళ్ళయినా ఈ మనిషి లోతు తనకు అందలేదు అనుకున్నాడు.

1836లో కాదిజ్ నాటి రాజ్యాంగమే మళ్ళీ వచ్చింది. మా చర్చిలో ఎన్నిక జరిగింది. ఊళ్ళోని ఇంటి యజమానులంతా వరసలో వెళ్ళి, ఊరి తరఫున పెద్దలుగా ఎవరుండాలో బల్ల ముందు నిలబడి పైకి చెప్పాలి. డోన్ గస్పార్ కూడా వరసలో నిలబడ్డాడు, ముసలివాడైపోయి, కర్ర పట్టుకుని, మెలితోన్ వెనకాల. మెలితోన్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అతని వంతు వచ్చింది.

"ఎవరి పేరు?" అన్నాడు బల్ల దగ్గరి గుమస్తా.

"లియొకాదియా" అన్నాడు మెలితోన్.

చర్చిలో గుసగుసలు రేగాయి. గుమస్తా కలం దించాడు. "ఆడవాళ్ళ పేరు చెల్లదయ్యా. ఇంకెవరి పేరైనా చెప్పు."

మెలితోన్ అర్థంకానట్టు అతని వంక చూశాడు. వెనక్కి తిరిగి ఊరంతటినీ చూశాడు. గొప్పలు చెప్పుకునేవాళ్ళు, బుద్ధిమంతులు, భూములున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు అందరూ ఉన్నారు అక్కడ.

"మరైతే ఎవరున్నారండీ ఇంకా?" అన్నాడు.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. నవ్వడానికి నోరు తెరిచినవాళ్ళు నవ్వలేకపోయారు. చివరికి ఒక వడ్రంగి పేరు చెప్పి బయటికొచ్చాడు. ఇంటికెళ్ళి జరిగింది చెబితే ఉర్సులా పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, పైబట్టతో కళ్ళు తుడుచుకుని, "సరిగ్గానే అడిగావు" అంది. తర్వాత ఇద్దరూ కూచుని గొర్రెపాల జున్ను నంజుకుని రొట్టె తిన్నారు.